ఏఎస్‌రాక్ డెస్క్‌మినీ ఎక్స్600: టీవీ కింద పెట్టే బుల్లి పీసీ మన ఎండకు, మన కరెంటుకు ఆగుతుందా?

155 మి.మీ. పొడవు, అంతే వెడల్పు, 80 మి.మీ. ఎత్తు. మొత్తం కలిపి 1.92 లీటర్లు. రెండు లీటర్ల నీళ్ల సీసా కంటే తక్కువ చోటులో మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్ కూర్చుంటుంది. డెస్క్‌మినీ ఎక్స్600 గొప్పతనమంతా ఇందులోనే ఉంది, ఇబ్బందులూ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

దీన్ని బేర్‌బోన్ అంటారు. డబ్బాలో కేసు, దానికి బిగించిన మదర్‌బోర్డు, 19 వోల్టుల 120 వాట్ల అడాప్టరు వస్తాయి. ప్రాసెసర్, కూలర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ, వైఫై కార్డు విడిగా కొనుక్కోవాలి. ముందే తీర్పు చెప్పేస్తే: హాల్లో 4కె టీవీకి కలిపి సినిమాలు చూడటానికి, సాయంత్రం పిల్లలతో కలిసి 1080పీలో తేలికపాటి ఆటలు ఆడుకోవడానికి ఇంతకంటే పొందికైన డబ్బా దొరకడం కష్టం. అయితే కొన్నది కొన్నట్టు బిగించి, టీవీ యూనిట్ అద్దం తలుపు వెనక తోసేస్తే మాత్రం నెల్లూరులో మే నెల గడవదు. అమరిక మన ఊరికి తగ్గట్టు ఉండాలి. ఆ వివరాలే ఈ సమీక్షలో ఎక్కువ భాగం.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. ఇందులో గ్రాఫిక్స్ కార్డు పెట్టే స్లాట్ లేదు, తర్వాత కలుపుకునే తేలికైన దారీ లేదు. కొత్త పెద్ద ఆటలు 4కెలో ఆడాలనుకునేవాళ్లు ప్లేస్టేషన్ గానీ పెద్ద కేసు గానీ చూసుకోవడం మేలు. సినిమాలు తప్ప ఆటల ఊసే లేని ఇంటికేమో ఇది ఎక్కువ ఖర్చు. ఆఫీసుల నుంచి సెకండ్ హ్యాండ్‌లో వచ్చే లీటరు సైజు పీసీ ఆ పనికి సరిపోతుంది.

ప్రాసెసర్ దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే గడి, ఏఎం5 రకం కాబట్టి ఏఎండీ రైజెన్ 7000, 8000 వరుసల్లో 65 వాట్ల దాకా ఉన్నవి ఇందులో కూర్చుంటాయి. కూర్చున్నంత మాత్రాన సరిపోదు. ఇక్కడ ఆటలు ఆడించేది ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే. 7600 లాంటి 7000 వరుస ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ యూనిట్లు రెండే ఉంటాయి. అవి తెర వెలిగించడానికి, వీడియోకి చాలు, ఆటకు చాలవు. అంతకంటే ప్రమాదం 8400ఎఫ్. పేరు 8000 వరుసలోదే, ధర చూస్తే ఆశ పుడుతుంది, కానీ చివర ‘ఎఫ్’ ఉందంటే గ్రాఫిక్స్ అసలే లేదని అర్థం. ఈ డబ్బాలో అది పెడితే టీవీ మీద బొమ్మే రాదు. కౌంటర్ మీద డబ్బా తీసుకునేటప్పుడు చివరి అక్షరం ‘జి’ అని కళ్లారా చూసుకోండి.

‘జి’లలో మూడు ఉన్నాయి. 8500జిలో 4 గ్రాఫిక్స్ యూనిట్లు, 8600జిలో 8, 8700జిలో 12. మా ఓటు 8600జికే: 6 కోర్లు, 12 థ్రెడ్లు, రేడియాన్ 760ఎం గ్రాఫిక్స్. 8700జి కాగితం మీద ఒకటిన్నర రెట్లు కనిపిస్తుంది గానీ ఆటలో ఆ తేడా రాదు. రెండూ ఒకే ర్యామ్ నుంచి డేటా తాగాలి. కాలవ వెడల్పు పెరగకుండా మడులు పెంచితే నీళ్లు చివరి మడికి అందవు కదా, ఇదీ అంతే. పైగా వేడి ఎక్కువ. 8500జి సినిమాలకు, చిన్న ఆటలకు సరిపోతుంది, అంతకు మించి ఆశించకూడదు.

దీనికి ముందు వచ్చిన ఎక్స్300 డబ్బా, పాత 5600జి ప్రాసెసర్ చవగ్గా వస్తే తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. ఆటల సంగతి అలా ఉంచితే, 5600జి గ్రాఫిక్స్‌కు ఏవీ1 అనే పద్ధతిలో కుదించిన వీడియోను హార్డ్‌వేర్‌లో విప్పే శక్తి లేదు. యూట్యూబ్ ఇప్పుడు చాలా వీడియోలను ఏవీ1లోనే పంపుతోంది. అప్పుడు ఆ భారమంతా కోర్ల మీద పడుతుంది, ఫ్యాన్ మోగుతుంది. 8600జి ఏవీ1ను, 10 బిట్ హెచ్ఈవీసీని, వీపీ9ను గ్రాఫిక్స్‌లోనే విప్పేస్తుంది. హోమ్ థియేటర్ కోసమే కొంటున్నప్పుడు ఈ ఒక్క తేడా కోసమైనా ఎక్స్600 వైపే వెళ్లాలి.

ఇక ర్యామ్. ల్యాప్‌టాప్‌లో వాడే పొట్టి ర్యామ్, అంటే డీడీఆర్5 ఎస్ఓ-డిమ్ కావాలి. డెస్క్‌టాప్ ర్యామ్ పట్టదు. రెండు స్లాట్లున్నాయి, రెండూ నింపాల్సిందే. 5600 వేగం ర్యామ్ ఒక్కటే పెడితే సెకనుకు 44.8 జీబీ దారి, రెండు పెడితే 89.6 జీబీ. గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు కాబట్టి ఈ దారే దానికి ప్రాణం. షాపువాళ్లు “ఇప్పుడు ఒక 16 జీబీ వేయించుకోండి సార్, తర్వాత ఇంకోటి కలుపుకోవచ్చు” అంటారు. ఆఫీసు పనికి ఆ సలహా తప్పు కాదు. ఇక్కడ మాత్రం 16 ఒకటి కొనే బదులు 8 జీబీవి రెండు కొనడం వెయ్యి రెట్లు నయం. వీలైతే 16 జీబీవి రెండు, ఒకే కంపెనీ, ఒకే పార్ట్ నంబరు. 2025 చివరి నుంచి డీడీఆర్5 ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, కాబట్టి బడ్జెట్ వేసేటప్పుడు పాత వీడియోల్లో చెప్పిన ధర నమ్ముకోకుండా కొనే వారంలో ధర అడిగి లెక్క వేసుకోండి. డబ్బు చాలకపోతే ఎస్ఎస్‌డీని 1 టీబీ నుంచి 500 జీబీకి దించండి గానీ ర్యామ్ జతను విడదీయకండి.

ఎస్ఎస్‌డీకి ఎం.2 స్లాట్లు రెండు: ఒకటి బోర్డు పైన, ఒకటి అడుగున. అడుగున ఉన్నదానికి గాలి తగలదు. అందుకని విండోస్, ఆటలు ఉండే డ్రైవు పైన, సినిమాలు దాచుకునే డ్రైవు కిందన పెట్టడం పద్ధతి. పైస్లాట్ జెన్5 (అయిదో తరం వేగం) అని రాసి ఉన్నా 8600జి ఇచ్చేది జెన్4 వేగమే, కాబట్టి జెన్5 ఎస్ఎస్‌డీ కొంటే వృథా ఖర్చు, పైగా వేడి. 2.5 అంగుళాల డ్రైవులు కూడా రెండు పడతాయి. వాటి పొట్టి కేబుళ్లు బజారులో దొరికే మామూలు సాటా కేబుళ్లు కావు. ఇప్పుడు అవసరం లేకపోయినా జాగ్రత్తగా దాచుకోండి.

వైఫై కార్డు చిన్న వస్తువే, కానీ ఎక్కువసార్లు వెనక్కి వెళ్లేది అదే. ఇంటెల్ ఏఎక్స్210 పనిచేస్తుంది. చూడటానికి అచ్చం అలాగే ఉండే ఏఎక్స్211 పనిచేయదు, అది ఇంటెల్ ప్రాసెసర్ల కోసమే చేసిన రకం, ఏఎండీ బోర్డు దాన్ని గుర్తించదు. నంబరులో చివరి అంకె ఒక్కటే తేడా. ఫైబర్ రూటరు టీవీ పక్కనే ఉంటే మాత్రం వైఫై ఆలోచనే వద్దు, మీటరు లాన్ కేబుల్ వేసేయండి.

ఇప్పుడు అసలు విషయం, వేడి.

8600జి డబ్బాతో పాటు రెయిత్ స్టెల్త్ అనే కూలర్ ఉచితంగా వస్తుంది. దాని ఎత్తు 54 మి.మీ. ఎక్స్600లో కూలర్‌కు ఉన్న చోటు 47 మి.మీ. ఏడు మిల్లీమీటర్ల దగ్గర మూత పడదు. కాబట్టి పొట్టి కూలర్ విడిగా కొనాలి, ఈ ఖర్చు బడ్జెట్‌లో మొదటే రాసుకోండి. నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఎ ఏఎం5 రకం ఎత్తు ఫ్యాన్‌తో కలిపి 37 మి.మీ., ఫ్యాన్ 92 మి.మీ. పేరు చివర ఏఎం5 అని ఉందా, ఏఎం4 అని ఉందా చూసుకోవాలి, రెండింటి బిగింపూ వేరు.

ఈ పొట్టి కూలర్ పనితనం గదిలోని గాలి మీద ఆధారపడి ఉంటుంది. చల్లటి దేశాల్లోనో, ఏసీ గదిలోనో 22 డిగ్రీల దగ్గర కొలిచిన సమీక్షలో ఆట నడుస్తుండగా ప్రాసెసర్ 75 డిగ్రీలు చూపించిందనుకోండి. మన హాల్లో మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీలుంటే అదే పని 91 దగ్గర నడుస్తుంది. గది ఎంత పెరిగితే ప్రాసెసర్ దాదాపు అంతే పెరుగుతుంది. 8600జి గరిష్ఠ హద్దు 95. ఆ హద్దు తాకగానే తన వేగం తానే తగ్గించుకుంటుంది, ప్రాసెసర్ కాలిపోదు. కానీ ఆట మధ్యలో తెర ఆగి ఆగి కదులుతుంది, ఫ్యాన్ నిండు వేగంతో తిరుగుతుంది, సినిమాలో మెల్లగా మాట్లాడే మాటలు వినపడవు.

మందు తేలికే. 65 వాట్ల ప్రాసెసర్ అని పేరే గానీ, వదిలేస్తే ఇది 88 వాట్ల దాకా లాగుతుంది. బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల తెరలో, ప్రాసెసర్ లాగే వాట్లకు హద్దు పెట్టే సీటీడీపీ అనే సెట్టింగును 45 వాట్లకు దించండి. ఆటల్లో కోల్పోయేది కొద్దిగానే, ఎందుకంటే అక్కడ బిగుతు ర్యామ్ దారి దగ్గర ఉంది, వాట్ల దగ్గర కాదు. వేడి మాత్రం కంటికి కనిపించేంత తగ్గుతుంది. పెద్ద ఫైళ్లు కంప్రెస్ చేయడం, వీడియో ఎడిట్ చేయడం లాంటి పనుల్లోనే నష్టం తెలుస్తుంది, అది టీవీ కింద ఉండే పీసీ పని కాదు. ఈ ఒక్క మార్పు చేయకుండా ఈ డబ్బాను మన జిల్లాల్లో వేసవిలో వాడమని చెప్పలేం.

పెట్టే చోటు కూడా అంతే ముఖ్యం. ఫ్యాన్‌కు ఎదురుగా కేసు మీదున్న జల్లెడకు కనీసం 10 సెం.మీ. ఖాళీ ఉండాలి. టీవీ యూనిట్‌లో అద్దం తలుపు వెనక అర అయితే వెనక చెక్కకు గాలి పోయేలా కన్నం కొట్టించండి, లేదా తలుపు తీసేయించండి. సెట్‌టాప్ బాక్సు మీద పేర్చకండి, అది ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది, ఆ వేడే ఇది పీలుస్తుంది.

బిగించే వరుస ఇలా ఉంటే మళ్లీ మళ్లీ విప్పే పని ఉండదు. వెనక నాలుగు స్క్రూలు తీస్తే బోర్డున్న ట్రే మొత్తం డ్రాయరులా బయటికి జారుతుంది. అడుగు ఎం.2 స్లాట్ వాడాలంటే బోర్డును ట్రే నుంచి కూడా తీయాలి, కాబట్టి ఆ పని మొదటే. తర్వాత వైఫై కార్డు. దాని యాంటెన్నా వైరు చివర ఉండే లోహపు టోపీ మినపగింజలో సగం కూడా ఉండదు. దాన్ని కార్డు మీదున్న బొడిపె మీద నిటారుగా ఆనించి, గోరుతో కాకుండా వేలి కొనతో నొక్కితే ‘టిక్’ మని కూర్చుంటుంది. పక్కకు వాలి ఉన్నప్పుడు నొక్కితే అంచు వంగిపోతుంది, ఆ వైరు ఇక పట్టదు. కూలర్ బిగించాక అక్కడికి వేలు దూరదు.

ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, సాకెట్‌లో ఉంటాయి. సాకెట్ పక్కన బిగించి ఉండే లోహపు తీగ తీసి, మూత ఎత్తి, ప్రాసెసర్ మూల మీదున్న బంగారు త్రికోణాన్ని సాకెట్ త్రికోణంతో కలిపి, వేలితో ఒత్తకుండా దాని బరువుకే వదలాలి. తీగ దించుతుంటే నల్ల ప్లాస్టిక్ మూత తనంత తానే ఊడి వస్తుంది. దాన్ని పారేయకండి, రేపు వారంటీకి బోర్డు పంపాలంటే సాకెట్ మీద ఆ మూత ఉండాలి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పెట్టే థర్మల్ పేస్టు శనగగింజంత చాలు. కూలర్ స్క్రూలు ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి వెళ్లకుండా, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించాలి. ఫ్యాన్ వైరు రెక్కలకు తగలకుండా పక్కకు మడిచి కట్టండి.

మొదటిసారి ఆన్ చేయగానే టీవీ మీద ఏమీ రాదు. ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. డీడీఆర్5 ర్యామ్‌ను బోర్డు మొదటిసారి పరీక్షించుకునే సమయం అది, కొన్ని నిమిషాలు పట్టవచ్చు. చెడిపోయిందేమోనని స్విచ్ తీసేసేది ఇక్కడే. తీస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పది నిమిషాలు చూసి, అప్పటికీ రాకపోతేనే ర్యామ్ ఒక్కొక్కటిగా తీసి పెట్టి చూడండి.

బయాస్‌లో సీటీడీపీ కాక మార్చాల్సినవి నాలుగున్నాయి. ర్యామ్ వేగం 5600 చూపిస్తోందా, 5200 దగ్గర ఆగిందా చూసుకోవాలి, ఆగితే చేత్తో 5600 పెట్టాలి. గ్రాఫిక్స్‌కు కేటాయించే మెమరీ 32 జీబీ ర్యామ్ ఉంటే 4 జీబీ, 16 ఉంటే 2 జీబీ. కరెంటు పోయి వచ్చాక పీసీ ఏం చేయాలన్న సెట్టింగును ‘ఆఫ్’లోనే ఉంచండి, లేకపోతే అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడల్లా టీవీ కింద లైటు వెలుగుతుంది. వాలరెంట్ ఆడే పిల్లలున్న ఇంట్లో టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు రెండూ ఆన్ చేయాలి, విండోస్ 11లో అవి లేకుండా ఆ ఆట తెరుచుకోదు.

టీవీ వైపు చేయాల్సినవి చాలామంది వదిలేస్తారు, తర్వాత అక్షరాలు మసకగా ఉన్నాయని పీసీని తిడతారు. టీవీ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును ‘పీసీ’గా మార్చండి. చాలా టీవీల్లో అప్పుడే ఎర్ర అక్షరాల అంచులు శుభ్రంగా వస్తాయి. తెర అంచులు కత్తిరించినట్టుంటే టీవీలో ‘జస్ట్ స్కాన్’ లేదా ‘స్క్రీన్ ఫిట్’ అనేది వెతకండి. ఆ పోర్టుకు ‘ఎన్‌హాన్స్‌డ్’, ‘డీప్ కలర్’ లాంటి పేరుతో ఒక స్విచ్ ఉంటుంది, అది ఆన్ చేయకపోతే 4కె 60 హెర్ట్జ్ పూర్తి రంగులతో రాదు. ఆటకు గేమ్ మోడ్ తప్పనిసరి. అది లేకపోతే బటన్ నొక్కిన కాసేపటికి బొమ్మ కదులుతుంది, దానికి పీసీ బాధ్యత ఏమీ లేదు.

ఇల్లు కట్టేటప్పుడే గోడలో పైపు వేసి హెచ్‌డీఎంఐ కేబుల్ లాగించుకునేవాళ్లు ఎక్కువయ్యారు. మామూలు రాగి కేబుల్ పది మీటర్లుంటే 1080పీ బాగానే వస్తుంది, 4కె 60లో తెర ఉండుండి నల్లబడుతుంది. ప్లాస్టరింగు అయ్యాక చేయగలిగింది లేదు. కాబట్టి పైపు లావుగా వేయించి, కేబుల్ మార్చుకునే వీలుంచండి. మూడు మీటర్ల లోపు అయితే ‘ప్రీమియం హై స్పీడ్’ ముద్ర ఉన్న కేబుల్ చాలు.

సినిమా ప్లేయరుగా ‘కోడి’ అనే సాఫ్ట్‌వేర్ మాకు నచ్చింది. ప్లేయర్ సెట్టింగుల్లో ‘రిఫ్రెష్ రేటు సర్దుబాటు’ను మొదలు, ఆఖరు దగ్గర జరిగేలా పెట్టండి. మన సినిమాలు సెకనుకు 24 ఫ్రేములు, టీవీ 60 హెర్ట్జ్‌లో ఉంటే ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు చూపాల్సి వస్తుంది. కెమెరా మెల్లగా పక్కకు తిరిగే షాట్‌లో ఆ కుదుపు కంటికి గుచ్చుకుంటుంది. ఈ సెట్టింగుతో టీవీయే 24కు మారిపోతుంది, కుదుపు పోతుంది. సౌండ్‌బార్‌కు డాల్బీ పంపాలంటే కోడిలో శబ్దాన్ని విప్పకుండా ఉన్నదున్నట్టు పంపే పాస్‌త్రూ ఆన్ చేయాలి. టీవీకి, సౌండ్‌బార్‌కు మధ్య మామూలు ఏఆర్‌సీ (హెచ్‌డీఎంఐ కేబుల్ మీదే టీవీ నుంచి శబ్దం పంపే దారి) ఉంటే డాల్బీ డిజిటల్ ప్లస్ దాకానే వెళుతుంది. బ్లూరే నుంచి వచ్చే ట్రూహెచ్‌డీ వెళ్లాలంటే దాని మెరుగైన రకం ఈఏఆర్‌సీ కావాలి. తెలుగు సబ్‌టైటిళ్లు డబ్బాలుగా కనిపిస్తే విండోస్‌లో వీఎల్‌సీ తెరిచి ఫాంటు నిర్మలా యూఐ పెట్టి చూడండి, వత్తులు, గుణింతాలు విడిపోకుండా వస్తాయి.

ఓటీటీల విషయంలో ఒక నిజం ఒప్పుకోవాలి. నెట్‌ఫ్లిక్స్ 4కె పీసీలో కావాలంటే విండోస్‌లో ఎడ్జ్ బ్రౌజరు గానీ దాని సొంత యాప్ గానీ ఉండాలి. అలా చూసినా టీవీ రిమోట్‌తో టీవీలోని యాప్ తెరవడమంత సుఖం ఉండదు. ఓటీటీలకు టీవీ యాప్‌లే వాడండి, దాచుకున్న సినిమాలకు, బ్రౌజరుకు, ఆటలకు పీసీ. పైగా టీవీ రిమోట్‌తో ఈ పీసీని నడిపే సీఈసీ సౌకర్యం ఏఎండీ గ్రాఫిక్స్‌లో లేదు. చిన్న వైర్‌లెస్ కీబోర్డు, టచ్‌ప్యాడ్ కలిసి ఉన్నది ఒకటి తీసుకుంటే ఇంట్లో పెద్దవాళ్లు కూడా వాడగలుగుతారు.

ఆ కీబోర్డు, గేమ్ కంట్రోలర్ల బుల్లి డాంగిళ్లను వెనక యూఎస్‌బీ 3 పోర్టుల్లో గుచ్చకండి. యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటుంది, ఆ డాంగిళ్లు మాట్లాడేది కూడా అక్కడే. మధ్యలో టీవీ లోహపు వీపు కూడా అడ్డం. సోఫా నుంచి నొక్కిన బటన్లు తప్పిపోతున్నాయంటే బ్యాటరీ మార్చే ముందు మీటరు యూఎస్‌బీ పొడిగింపు వైరుతో డాంగిల్‌ను టీవీ ముందుకు తెచ్చి చూడండి. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

ఆటల దగ్గర అంచనా సరిగ్గా ఉండాలి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, రాకెట్ లీగ్ లాంటివి 1080పీలో తక్కువ, మధ్యస్థ సెట్టింగుల్లో 60 ఫ్రేములు దాటి నడుస్తాయి. జీటీఏ 5 కూడా హాయిగా ఆడుకోవచ్చు. సైబర్‌పంక్ 2077 లాంటి బరువైనవి కనిష్ఠ సెట్టింగులు, ఎఫ్ఎస్ఆర్ (బొమ్మను చిన్నగా గీసి పెద్దది చేసే పద్ధతి) పెట్టి 30 పైన నడిపించగలం, అంతకు మించి అడగకూడదు. టీవీ 4కె అయినా ఆటను 1080పీలోనే పెట్టండి. 1080పీలోని ఒక్కో చుక్క 4కె తెర మీద సరిగ్గా నాలుగు చుక్కలవుతుంది. 1440పీకి ఆ లెక్క కుదరదు, బరువు పెరుగుతుంది గానీ ఆ మేరకు స్పష్టత పెరగదు.

విండోస్ డబ్బు మిగుల్చుకోవాలని లినక్స్ ఆధారిత బజైట్ వేసుకునేవాళ్లున్నారు. ఆన్ చేయగానే స్టీమ్ (ఆటలు కొని ఆడుకునే యాప్) తెర వస్తుంది, కంట్రోలర్‌తోనే అంతా నడుస్తుంది, ఆ అనుభవం నిజంగా బాగుంటుంది. కానీ వాలరెంట్ అందులో నడవదు, జీటీఏ ఆన్‌లైన్ కూడా 2024 సెప్టెంబరు నుంచి నడవడం లేదు. ఇంట్లో పిల్లలు ఏం ఆడతారో అడిగాకే నిర్ణయించండి.

కరెంటు సంగతి. మామూలు స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద ఈ అడాప్టరును నడపకండి. ఈ వాట్ల అడాప్టర్లలో కరెంటు ఆకారాన్ని సరిచేసే సర్క్యూట్ ఉంటుంది, దానికి చతురస్రపు తరంగం పడదు, గీ మని మోగుతుంది, వేడెక్కుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టరు అయితే ఇబ్బంది లేదు, దాని స్విచ్ ‘యూపీఎస్’ మోడ్‌లో ఉంచండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే క్షణంలో ఫ్యాన్లకు తేడా తెలియదు గానీ పీసీ రీస్టార్ట్ అవుతుంది. 45 వాట్ల అమరికలో పీసీ, ఒక పెద్ద టీవీ, రెండు సీలింగ్ ఫ్యాన్లు కలిపి 350 వాట్ల చుట్టూ వేసుకుంటే, బాగున్న 150 ఏహెచ్ బ్యాటరీ మూడు గంటల దాకా లాగుతుంది.

ఎర్త్ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. కేసు మీద చేయి ఆనిస్తే సన్నగా జివ్వుమంటోందంటే సాకెట్‌లో ఎర్త్ లేదనే అర్థం. ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ కేబుల్ పీకి పెడితే టీవీ పోర్టో, బోర్డు పోర్టో కాలిపోవచ్చు, అందులో ఏది పోయినా ఈ డబ్బా ధరకు దగ్గరి ఖర్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ పిట్ చూపించండి, వేసవిలో అందులో నీళ్లు పోయించండి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాన్లతో కలిసి వస్తాయి. ఉరుములు మొదలవగానే పీసీ ప్లగ్గు ఒక్కటే తీస్తే చాలదు. డిష్ నుంచి వచ్చే కేబుల్, బయటి నుంచి రాగి లాన్ కేబుల్ వస్తుంటే అదీ తీసేయాలి. పిడుగు టీవీలోకి డిష్ వైరు మీదుగా వచ్చి, హెచ్‌డీఎంఐ దారిన పీసీలోకి దిగుతుంది.

ఎక్కడ కొనాలి? నెల్లూరు, ఒంగోలు షాపుల్లో ర్యామ్, ఎస్ఎస్‌డీ దొరకడం కష్టం కాదు. బేర్‌బోన్, పొట్టి కూలర్ సాధారణంగా స్టాకులో ఉంచరు, తెప్పించి ఇవ్వమనాలి, లేదా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. నెల్లూరు వాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్ పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే దూరమే, ఆదివారం మాత్రం వెళ్లకండి, చాలా షాపులు తీయరు. ఎక్కడ కొన్నా 18 శాతం జీఎస్టీతో బిల్లు తీసుకుని, దాని మీద ప్రతి వస్తువు సీరియల్ నంబరు వేయించుకోండి. ప్రాసెసర్ సీలు వేసిన డబ్బాలోదే కావాలి. దానికి ఏఎండీ 3 సంవత్సరాల వారంటీ ఉంటుంది. విడిగా కవరులో పెట్టి ఇచ్చే ట్రే ప్రాసెసర్‌కు మీకు మిగిలేది అమ్మినవాడి మాట ఒక్కటే.

చివరిగా శుభ్రం. మైపాడు, కొత్తపట్నం వైపు ఇళ్లలో ఉప్పుగాలికి కేసు స్క్రూలు, పోర్టుల అంచులు తుప్పు పడతాయి. వాడని పోర్టులకు రబ్బరు బిరడాలు పెట్టండి, వారానికి రెండు మూడుసార్లయినా ఆన్ చేయండి, ఆ వెచ్చదనానికి లోపలి చెమ్మ ఆరుతుంది. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైటు దుమ్ము కూలర్ రెక్కల మధ్య గట్టిగా పేరుకుంటుంది, అక్కడ నెలకోసారి శుభ్రం తప్పదు. మిగతా ఊళ్లలో మూడు నెలలకోసారి చాలు, అందులో ఒకటి మాత్రం శివరాత్రి వెళ్లగానే, ఎండలు ముదరకముందే చేయాలి. ప్లగ్గు తీసి, ట్రే బయటికి లాగి, ఫ్యాన్ రెక్కను ఒక వేలితో కదలకుండా పట్టుకుని మెత్తటి పెయింట్ బ్రష్షుతో దుమ్ము దులపండి. బ్లోయరు పెట్టి ఫ్యాన్‌ను గిర్రున తిప్పితే బేరింగు దెబ్బతింటుంది. బ్రష్షుకు దుమ్ము రావడం ఆగాక ఒక టార్చి వేసి రెక్కల సందుల్లోంచి అవతలి వైపు వెలుతురు కనిపిస్తోందా చూడండి. కనిపిస్తే మూత వేసేయవచ్చు.